గిట్ కమాండ్ల సమీక్ష: కమిట్ అయినదానికి ఢోకా లేదు, కానిదానికి దిక్కు లేదు

భీమవరంలో రొయ్యల చెరువుల లెక్కలకు, తణుకులో రైస్ మిల్లు బిల్లింగుకు, అంబాజీపేటలో కొబ్బరి కమీషన్ కొట్టు ఖాతాలకు ప్రోగ్రాములు రాసిపెట్టే ఇద్దరు ముగ్గురు మనుషుల జట్టును దృష్టిలో పెట్టుకుని రాసిన సమీక్ష ఇది. గిట్ అంటే ప్రోగ్రామ్ ఫైళ్లలో మార్పుల చరిత్రను దాచిపెట్టే పనిముట్టు. ఆ చరిత్రలో ఒక దశను నమోదు చేయడమే కమిట్. పెద్ద కంపెనీల్లో గిట్ చిక్కుపడితే విప్పిపెట్టడానికి పక్క సీట్లో ఎవరో ఒకరుంటారు. ఇక్కడ ఆ పక్క సీటు ఉండదు. అందుకని గిట్‌ను లోపల ఎంత గొప్పగా కట్టారన్నది కాకుండా, ఎంటర్ నొక్కాక అది ఏం చేస్తుంది, ఏం చేశానని చెప్తుంది, పొరపాటైతే వెనక్కి దారి ఉందా అన్నవే చూశాం.

మార్కులు ముందే చెప్పేస్తే, దాచిపెట్టే పనికి 5కి 5. కమాండ్ల నడవడికకి 5కి 3. 2005 ఏప్రిల్‌లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టి, అదే ఏడాది జూలై నుంచి జునియో హమానో చూసుకుంటున్న ఈ పనిముట్టులో ఒకసారి కమిట్ అయిన అక్షరం పోగొట్టుకోవాలంటే చాలా కష్టపడాలి. రీబేస్‌లో (కమిట్లను తీసి వేరేచోట పేర్చడంలో) మెలికపడినా, రీసెట్ (పాత కమిట్‌కి జరపడం) ఎక్కడికో పోయినా "గిట్ రీఫ్లాగ్" అని కొడితే పాత జాడలన్నీ వరసగా వస్తాయి. బ్రాంచ్ (విడిగా నడిచే కమిట్ల వరస) కొస నుంచి ఇంకా అందుతున్న కమిట్ల జాడ 90 రోజులు, అందకుండా పోయినవాటిది 30 రోజులు ఉంచుతుంది. ఆ మాత్రం గడువు ఎవరికైనా చాలు.

గొడవంతా కమిట్ కాని పనితోనే. ఉదయం నుంచి కూర్చుని మార్చింది, ఇంకా "యాడ్" (తర్వాతి కమిట్‌కి సిద్ధంగా పెట్టడం) కూడా చేయనిది, గిట్ దృష్టిలో లేనట్టే లెక్క. దాన్ని తుడిచేసే కమాండ్లు మాత్రం అరడజను ఉన్నాయి. అందులో సగం అడగవు, సగం చెప్పవు.

మీ దగ్గర ఏ వెర్షన్ ఉందో "గిట్ --వెర్షన్" కొట్టి చూసుకుని మిగతాది చదవండి. ఉబుంటు 20.04తో వచ్చేది 2.25.1, 22.04తో వచ్చేది 2.34.1, 24.04తో వచ్చేది 2.43.0. ఒకే గదిలో రెండు మెషిన్లలో ఈ తేడా ఉంటే ఒకే కమాండ్ రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది, ముఖ్యంగా పుల్ (సర్వర్‌లోని కొత్త కమిట్లు తెచ్చి కలపడం).

చెకౌట్: ఒకే కత్తి, రెండు వైపులా పదును

దగ్గరగా చూద్దాం. రొయ్యల కొనుగోలు ప్రోగ్రామ్‌లో "రేట్లు" అనే ఫోల్డర్ ఉంది. అందులో 30 కౌంటు (కిలోకి 30 రొయ్యలు) నుంచి 100 కౌంటు దాకా ఏ కౌంటుకు కిలో ఎంతో రాసిన ఫైలు. దానిలో పన్నెండు వరసలు మార్చి, సేవ్ చేసి, యాడ్ చేయకుండా ఉంచారు. ఇంతలో జట్టులో రెండోవాళ్లు తమ మెషిన్‌లో "రేట్లు" అనే పేరుతోనే ఒక బ్రాంచ్ తెరిచారు. ఆ బ్రాంచ్‌కి వెళ్దామని మీరు కొట్టారు:

గిట్ చెకౌట్ రేట్లు

మీ మెషిన్‌లో ఆ బ్రాంచ్ ఉంటే గిట్ అందులోకి మారుతుంది. అదే పేరుతో ఫోల్డర్ ఉందన్న సంగతి పట్టించుకోదు. ఆ బ్రాంచ్ ఇంకా ఫెచ్ చేయలేదనుకోండి (సర్వర్ నుంచి తెచ్చుకోలేదనుకోండి), అప్పుడు "రేట్లు" అంటే ఫోల్డర్ కాబోలనుకుంటుంది. ఇండెక్స్‌లో (తర్వాతి కమిట్‌కి సిద్ధం చేసే చోట) ఉన్న పాత ప్రతిని తెచ్చి మీ ఫైలు మీద పరిచేస్తుంది. తెరమీద ఒక్క ముక్క: "అప్‌డేటెడ్ 1 పాత్ ఫ్రమ్ ది ఇండెక్స్". అంటే ఇండెక్స్ నుంచి ఒక ఫైలు తాజా చేశాను అని. నిజానికి చేసింది పాత చేయడం. పన్నెండు వరసలూ పోయాయి. రీఫ్లాగ్‌లో ఉండవు, ఎందుకంటే అవి గిట్ గోదాములోకి ఎప్పుడూ చేరలేదు.

ఒకే కమాండ్, ఒకే పేరు. ఎదుటి మనిషి బ్రాంచ్ మీ దగ్గరికి వచ్చిందా లేదా అన్నదాన్ని బట్టి ఒకసారి క్షేమం, ఒకసారి నష్టం. రూపకల్పనలో ఇంతకన్నా పెద్ద తప్పు గిట్‌లో లేదు. ఆ తప్పును వాళ్లూ గుర్తించారు కాబట్టే 2019 ఆగస్టులో 2.23 వెర్షన్‌తో చెకౌట్‌ను రెండుగా చీల్చి, బ్రాంచ్ మారడానికి "స్విచ్", ఫైలు వెనక్కి తేవడానికి "రిస్టోర్" అని ఇచ్చారు. "గిట్ స్విచ్ రేట్లు" అని కొడితే, ఆ బ్రాంచ్ లేకపోతే లేదని చెప్పి ఆగుతుంది. ఫైలు జోలికి పోదు. ఏ బ్రాంచ్ మీదా లేకుండా పాత కమిట్ మీద వేలాడే స్థితికి వెళ్లాలన్నా స్విచ్‌కి "--డిటాచ్" అని మీరే చెప్పాలి, చెకౌట్ లాగా దానంతటది తీసుకెళ్లి దింపదు. చాలా ఏళ్లు ఈ రెండింటికీ "ప్రయోగాత్మకం" అన్న ముద్ర ఉండేది. 2025లో వచ్చిన 2.51తో అది తీసేశారు. ఇంకా చెకౌట్ నేర్పే కాలేజీ ల్యాబ్ రికార్డులు ఉంటే అవి మార్చాల్సిన సమయం వచ్చింది.

అయితే రిస్టోర్ కూడా సగం పనే. "గిట్ రిస్టోర్ ." అని చుక్క పెట్టి కొడితే ఉన్న ఫోల్డర్ కింద మార్చినవన్నీ పోతాయి. చెకౌట్ కనీసం ఒక ముక్క చెప్పింది, రిస్టోర్ అదీ చెప్పదు. నోరు మెదపకుండా ప్రాంప్ట్ తిరిగి వస్తుంది. దానికన్నా ముందు "గిట్ స్టేటస్" ఇచ్చే సూచనలో, మార్పులు వదిలేయాలంటే రిస్టోర్ కొట్టండి అని ఉంటుంది. కొత్తవాళ్లు ఆ "వదిలేయడం" అన్న మాటను "ప్రస్తుతానికి పక్కన పెట్టడం" అని చదువుకుంటారు.

కాలవల మీద లాకులు చూసినవాళ్లకి ఒక సంగతి తెలుసు. లోపలి నీటిమట్టం, బయటి నీటిమట్టం సమం అయ్యేదాకా తలుపు తెరుచుకోదు. ఆ తొందరేమిటని ఎవరూ కోప్పడక్కర్లేదు, నీటి బరువే తలుపును పట్టి ఉంచుతుంది. గిట్‌లో కావలసింది ఆ రకం అడ్డు. "నిజంగానేనా? అవును, కాదు" అని అడిగే ప్రశ్న కాదు. అలాంటి ప్రశ్నకి రెండో వారానికే చేతివేళ్లు చూడకుండా అవునని కొట్టడం అలవాటు చేసుకుంటాయి.

మా సూచన ఇది. రిస్టోర్, చెకౌట్, "రీసెట్ --హార్డ్" ఈ మూడూ ఏ ఫైలు మీదైనా పాత ప్రతి పరిచే ముందు, ఇప్పుడున్న ప్రతిని గోదాములో ఒక బ్లాబ్‌గా (ఫైలు ప్రతిగా) వేసి, స్టాష్ (చేతిలోని మార్పుల్ని పక్కన పెట్టే చోటు) లాంటి ఒక జాబితాలో నమోదు చేయాలి. ఆ తర్వాత "3 ఫైళ్లు మార్చాను, వెనక్కి కావాలంటే ఇది కొట్టండి" అని ఒక వరస చెప్పాలి. దీనికి కొత్త యంత్రాంగం అక్కర్లేదు. "గిట్ హాష్-ఆబ్జెక్ట్ -డబ్ల్యూ" చేసేది అదే పని. రేట్ల ఫైలు లాంటి కొన్ని కేబీల ఫైళ్లకి ఆ ఖర్చు కంటికి కూడా కనపడదు. వీడియోలు, డేటాబేస్ బ్యాకప్పులు లాంటి బండఫైళ్లకి నెమ్మదవుతుంది, నిజమే. దానికీ హద్దు ఇప్పటికే ఉంది: కోర్.బిగ్‌ఫైల్‌థ్రెషోల్డ్, మామూలుగా 512 ఎంబీ. అది దాటినవాటిని దాచలేదని చెప్పి వదిలేయొచ్చు. ఇంకో అభ్యంతరం కాస్త బరువైంది. పొరపాటున ఫైల్లో పాస్‌వర్డ్ రాసుకుని, వెంటనే రిస్టోర్ కొట్టి, పోయిందనుకునే మనిషి ఉంటాడు. అతనికి అది గోదాములో మిగలడం నచ్చదు. అందుకని "--నో-కీప్" లాంటి ఆప్షన్ ఒకటి తోడుండాలి.

ఇది వచ్చేదాకా చేయగలిగింది: మార్పులు పారేయాలనిపిస్తే రిస్టోర్ కొట్టొద్దు. "గిట్ స్టాష్ పుష్ -- రేట్లు" కొట్టి, వెంటనే "గిట్ స్టాష్ డ్రాప్" కొట్టండి. ఫలితం అదే, కానీ డ్రాప్ చేసినప్పుడు బ్రాకెట్లలో ఒక పొడవాటి హాష్ (ఆ ప్రతిని గుర్తుపట్టే సంకేతం) చూపిస్తుంది. మనసు మారితే "గిట్ స్టాష్ అప్లై" తర్వాత ఆ హాష్ ఇస్తే మొత్తం తిరిగి వస్తుంది. ఎవరికీ చెందని వస్తువుల్ని గిట్ ఊడ్చేసేది మామూలుగా రెండు వారాలు దాటాకే. యాడ్ చేసి ఉన్న ఫైలు "రీసెట్ --హార్డ్"తో పోతే "గిట్ ఎఫ్‌ఎస్‌సీకే --లాస్ట్-ఫౌండ్" కొట్టండి. డాట్ గిట్ ఫోల్డర్‌లో లాస్ట్-ఫౌండ్ కింద "అదర్" అన్న ఫోల్డర్‌లో పడేస్తుంది. పేర్లు ఉండవు, హాష్‌లే ఉంటాయి, తెరిచి చూసి గుర్తుపట్టుకోవాలి. యాడ్ కూడా చేయనిది పోతే ఇక దిక్కు ఎడిటరే. విండో మూయకుండా ఉంటే అన్‌డూ, మూసేస్తే వీఎస్ కోడ్‌లో టైమ్‌లైన్.

కొన్ని అడుగుతాయి, కొన్ని అడగవు

గిట్ అసలు జాగ్రత్త తెలియనిది కాదు, అదే చిరాకు. "గిట్ క్లీన్" ఉత్తినే కొడితే కదలదు, -ఎఫ్ ఇవ్వాలి, లేదా -ఎన్ ఇచ్చి ఏమేం పోతాయో ముందు చూసుకోవాలి. "బ్రాంచ్ -డి" చిన్న డితో కొడితే కలపని బ్రాంచ్‌ని చెరపనంటుంది. పెద్ద డితో కొట్టినా చెరిపేసి, అది ఏ కమిట్ దగ్గర ఉండేదో హాష్‌తో సహా చెప్తుంది. ఆ ఒక్క వరసే ప్రాణం నిలుపుతుంది, ఎందుకంటే బ్రాంచ్‌తో పాటు దాని రీఫ్లాగ్ కూడా పోతుంది. ఇంత బుద్ధి అక్కడ ఉంది. "రీసెట్ --హార్డ్" దగ్గర మాత్రం లేదు. "స్టాష్ క్లియర్" దగ్గర అసలు లేదు: ఉన్న స్టాష్‌లన్నీ ఒక్కసారి ఖాళీ చేసి మౌనంగా ఉంటుంది. డ్రాప్ హాష్ చెప్తే క్లియర్ ఎందుకు చెప్పదు? ఇది ఒక పూటలో సరిచేయగల లోపం.

హార్డ్‌కి బదులు చాలామందికి తెలియని "రీసెట్ --కీప్" ఉంది. బ్రాంచ్‌ని వెనక్కి జరపడానికి హార్డ్ వాడేవాళ్లు అది వాడితే సరిపోతుంది. మారబోయే ఫైల్లో మీ చేతి మార్పులు ఉంటే పని ఆపేసి చెప్తుంది.

స్టాష్ గురించి ఇంకొక్క మాట. అది కొత్తగా పుట్టిన, ఇంకా ట్రాక్‌లోకి రాని ఫైళ్లను తీసుకోదు. -యు ఇవ్వాలి. ఇవ్వకపోతే "2 కొత్త ఫైళ్లు బయటే ఉన్నాయి" అని ఒక మాట చెప్పినా చాలు, చెప్పదు.

తెలుగు పేర్లు, ఎనిమిది అంకె లేని లెక్క

ఇది మనవాళ్లకే తగిలే దెబ్బ కాబట్టి కాస్త వివరంగా. ఫైలుకు తెలుగులో "రేట్లు" అని పేరు పెట్టి గిట్ స్టేటస్ కొడితే పేరు కనపడదు. \340\260\260\340\261\207 అంటూ మొదలయ్యే అంకెల తోరణం కనపడుతుంది. ఆ రెండు ముక్కలు "రే" మాత్రమే: మొదటి మూడు అంకెల గుంపులు "ర", తర్వాతి మూడు ఏత్వం. తెలుగులో ప్రతి కోడ్ యూటీఎఫ్-8లో 3 బైట్లు, ఒక్కో బైటును గిట్ ఆక్టల్‌లో (0 నుంచి 7 దాకా అంకెలతోనే నడిచే లెక్కలో) 4 అక్షరాలుగా రాస్తుంది. "రేట్లు"లో ర, ఏత్వం, ట, పొల్లు, ల, ఉకారం కలిసి ఆరు కోడ్‌లు. అంటే తెరమీద 72 అక్షరాలు. ఇలాంటి ఫైళ్లు ఐదుంటే ఏది మారిందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

మందు ఒక వరసే:

గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ కోర్.కోట్‌పాత్ ఫాల్స్

దీనితో స్టేటస్, డిఫ్ (మార్పుల తేడా చూపేది) రెండింట్లోనూ పేర్లు పేర్లుగా వస్తాయి. మా సూచన, టెర్మినల్ యూటీఎఫ్-8లో ఉంటే ఇదే మామూలు పద్ధతి కావాలి. స్క్రిప్టులు చదువుకునే దారిలో పాత పద్ధతి అలాగే ఉంచుకోవచ్చు. గిట్ రంగులు వేసేదీ, పేజర్ తెరిచేదీ ఎదురుగా టెర్మినల్ ఉంటేనే. అదే తర్కం పేర్లకి ఎందుకు పనికిరాదు?

కమాండ్ల నడవడిక మార్చరేమన్న ప్రశ్నకి ఎప్పుడూ వచ్చే జవాబు, లక్షల స్క్రిప్టులు దీనిమీద ఆధారపడి ఉన్నాయని. విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం అన్నట్టే ఉంటుంది ఎవరికైనా. కానీ మనిషి కూర్చున్న చోట ఒకలా, పైపులో ఒకలా నడిచే ఏర్పాటు గిట్‌లోనే ఉన్నప్పుడు ఆ జవాబు సగానికే సరిపోతుంది.

కాన్‌ఫ్లిక్ట్‌లో మూడో ప్రతి

రెండో దగ్గరి ఉదాహరణ. రేట్ల ఫైల్లో పక్కపక్కన రెండు వరసలు: 40 కౌంటు 380, 50 కౌంటు 340. అంకెలు ఊరికే అనుకున్నవి. ఒకరు 40 కౌంటును 390 చేశారు. రెండోవాళ్లు తమ బ్రాంచ్‌లో 50 కౌంటును 350 చేశారు. వేర్వేరు వరసలే అయినా, మధ్యలో మారని వరస లేదు కాబట్టి గిట్ వీటిని కలపదు, కాన్‌ఫ్లిక్ట్ అంటుంది. చూపించేది పైన 390, 340, కింద 380, 350. ఇందులో ఎవరు ఏది మార్చారు? చెప్పలేరు. పైది తీసుకుంటే ఒక రేటు పాతది మిగులుతుంది, కిందది తీసుకుంటే ఇంకోటి. రావలసింది 390, 350. టన్నుల్లో తూకం పడే చోట కిలోకి పది రూపాయల తేడా చిన్నది కాదు.

మెర్జ్.కాన్‌ఫ్లిక్ట్‌స్టైల్ అనే సెట్టింగ్‌ని జెడ్‌డిఫ్3 అని పెడితే మధ్యలో మూల ప్రతి, అంటే 380, 340 కూడా కనపడుతుంది. అప్పుడు ఎవరు కదిలించింది ఏదో చూపుకే తెలుస్తుంది. ఇది 2022 జనవరిలో 2.35తో వచ్చింది. ఉబుంటు 22.04లోని 2.34.1కి అందదు, అక్కడ డిఫ్3 అని పెట్టుకోండి, పని జరుగుతుంది. ఇది ముందే ఆన్ చేసి ఇవ్వకపోవడానికి మాకు గట్టి కారణం కనపడలేదు.

రీబేస్‌లో ఇంకో మెలిక. "అవర్స్", "దెయిర్స్" తలకిందులవుతాయి. రీబేస్ అంటే మీ కమిట్లను ఒక్కొక్కటి తీసుకెళ్లి ఎదుటి బ్రాంచ్ మీద పేర్చడం కాబట్టి, గిట్ నిలబడి ఉన్నది అవతల గట్టు మీద. అక్కడినుంచి చూస్తే "మనది" అంటే వాళ్లది, "వాళ్లది" అంటే మీది. తర్కం సరైనదే, మాట మాత్రం తప్పుదారి. రీబేస్ మధ్యలో మీ ప్రతి ఉంచుకోవాలంటే "గిట్ చెకౌట్ --దెయిర్స్" అనాలి. ఈ రెండు మాటలకి తోడుగా బ్రాంచ్ పేరుతోనే వైపు ఎంచుకునే ఆప్షన్ ఒకటి ఇస్తే ఈ గొడవే ఉండదు.

మిగతావి గబగబా

ఇండెక్స్, కాష్, స్టేజింగ్ ఏరియా. మూడు పేర్లు, వస్తువు ఒకటే. డిఫ్‌కి "--కాష్డ్" అన్నా "--స్టేజ్డ్" అన్నా ఒకటే. కానీ ఆర్ఎంకి "--కాష్డ్" ఒక్కటే ఉంది. "గిట్ అప్లై"కి (స్టాష్ అప్లై కాదు) వెళ్తే "--ఇండెక్స్" అంటే ఇండెక్స్‌తో పాటు డిస్క్ మీది ఫైలు కూడా, "--కాష్డ్" అంటే ఇండెక్స్ మాత్రమే. అన్నిచోట్లా "--స్టేజ్డ్" పనిచేసేలా మారుపేరు పెట్టడం పెద్ద పని కాదు. ఈలోగా గుర్తుంచుకోవలసింది: "గిట్ ఆర్ఎం" ఉత్తిది డిస్క్ మీది ఫైలు కూడా చెరుపుతుంది, "--కాష్డ్" పెడితేనే ఫైలు మిగులుతుంది.

పుల్ సంగతి తాంబూలాలిచ్చేశాం, తన్నుకు చావండి అన్నట్టు ఉండేది. రెండు వైపులా కొత్త కమిట్లుంటే అడగకుండా మెర్జ్ చేసేది. 2021లో 2.33.1 నుంచి ఎలా కలపాలో చెప్పమని ఆగిపోతుంది. ఆగడం మంచిదే, కానీ అప్పుడిచ్చే మూడు కాన్ఫిగ్ వరసల్లో దేన్ని ఎంచుకోవాలో కొత్తవాళ్లకి తెలియదు. చిన్న జట్టుకైతే పుల్.ఎఫ్‌ఎఫ్‌ని "ఓన్లీ" అని పెట్టుకోమంటాం. సాఫీగా ముందుకు వెళ్లగలిగితేనే వెళ్తుంది, లేకపోతే నిర్ణయం మీకే వదులుతుంది.

పుష్‌కి రెండు. కొత్త బ్రాంచ్‌ని మొదటిసారి పంపేటప్పుడు అప్‌స్ట్రీమ్ (సర్వర్‌లో దానికి జత బ్రాంచ్) లేదని వచ్చే తిట్టు పోవాలంటే పుష్.ఆటోసెటప్‌రిమోట్‌ని ట్రూ చేయండి, 2022లో 2.37తో వచ్చింది. సర్వర్‌లోనిదాని మీద బలవంతంగా రాసే "--ఫోర్స్" బదులు, ఎదుటివాళ్ల కొత్త కమిట్లుంటే ఆగే "--ఫోర్స్-విత్-లీజ్" వాడండి. దానికీ ఒక బొక్క ఉంది: ఎడిటర్ వెనకాల దానంతటది ఫెచ్ చేస్తుంటే, ఎదుటివాళ్ల కొత్త కమిట్ మీరు చూడకపోయినా చూసినట్టే లెక్కేస్తుంది. "--ఫోర్స్-ఇఫ్-ఇంక్లూడ్స్" కూడా జతచేస్తే ఆ బొక్క పూడుతుంది.

క్లోన్: కరెంటు పోతే మళ్లీ ఒకటి నుంచి

డెల్టాలో గిట్‌కి తగ్గే అసలు మార్కు ఇక్కడే. తుపాను గాలికి తీగలు తెగినా, లంక గ్రామాల్లో వరదకి సిగ్నల్ పోయినా, 900 ఎంబీ దిగిన క్లోన్ (ప్రాజెక్టు మొత్తాన్ని సర్వర్ నుంచి దింపుకోవడం) ఆగితే ఆ 900 ఎంబీ వృథా. మామూలు డౌన్‌లోడ్ లాగా ఆగిన చోటునుంచి అందుకోదు. కనెక్షన్ తెగితే తను తెరిచిన ఫోల్డర్ కూడా తనే తీసేస్తుంది. దిగినంతవరకు ఉంచి మిగతాది తెచ్చే క్లోన్ కావాలన్నది మా చివరి సూచన, అన్నిట్లోకీ కష్టమైనది కూడా. సర్వర్ ప్యాక్‌ను (పంపే కట్టను) అడిగినప్పుడల్లా అప్పటికప్పుడు కూరుస్తుంది కాబట్టి, రెండోసారి వచ్చేది మొదటిదానికి బైటు బైటుకీ సరిపోతుందన్న హామీ లేదు.

అందాకా ముక్కలుగా తెచ్చుకోండి. ఖాళీ ఫోల్డర్‌లో "గిట్ ఇనిట్", తర్వాత "గిట్ రిమోట్ యాడ్ ఆరిజిన్" అని చిరునామా, ఆపైన "గిట్ ఫెచ్ --డెప్త్=1 ఆరిజిన్ మెయిన్". ఇది అయిపోతే "గిట్ స్విచ్ మెయిన్" కొట్టి పని మొదలుపెట్టొచ్చు. చరిత్ర కావాలంటే నెట్ బాగున్నప్పుడల్లా "గిట్ ఫెచ్ --డీపెన్=500 ఆరిజిన్ మెయిన్". పూర్తయిన ప్రతి విడత డిస్క్ మీద ఉండిపోతుంది, తెగితే ఆ ఒక్క విడతే పోతుంది. "--ఫిల్టర్=బ్లాబ్:నన్"తో (పాత ఫైళ్ల ప్రతులు వదిలేసి) క్లోన్ చేస్తే కూడా త్వరగా దిగుతుంది, కానీ తర్వాత బ్లేమ్ (ఏ వరస ఎవరు రాశారో చూపేది) కొట్టినా, పాత డిఫ్ చూసినా అప్పటికప్పుడు నెట్ కావాలి. కరెంటు లేని మధ్యాహ్నం అది చేయిచ్చే ఏర్పాటు.

ఇంకా సులువు, పెన్‌డ్రైవ్. మంచి లైను ఉన్న కాకినాడలోనో రాజమండ్రిలోనో ఒక మెషిన్‌లో "గిట్ బండిల్ క్రియేట్" అని ఫైలు పేరు ఇచ్చి చివర "--ఆల్" పెడితే రిపో (ప్రాజెక్టు గోదాము) మొత్తం ఒకే ఫైలవుతుంది. దాన్ని తెచ్చి ఇక్కడ మామూలు చిరునామా లాగే "గిట్ క్లోన్"కి ఇవ్వండి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చుకోవాలి. క్లోన్ అయ్యాక "గిట్ రిమోట్ సెట్-యూఆర్‌ఎల్ ఆరిజిన్" అని అసలు సర్వర్ చిరునామా ఇవ్వడం మరిచిపోవద్దు, లేకపోతే మర్నాడు ఫెచ్ కొట్టినప్పుడు అది ఆ పెన్‌డ్రైవ్ కోసమే వెతుకుతుంది.